మిక్సర్ మారింది... మైకు కూత ఆగిందా?

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి గౌలిగూడ మీదుగా కోఠీకి, అక్కణ్నుంచి ఆబిడ్స్ దాటి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దాకా నడిస్తే నాలుగైదు కిలోమీటర్లు. మైక్‌సెట్టు కొనే చోటు, దాన్ని మోగించే చోటు, అసలు మోగించకూడని చోటు మూడూ ఈ దారిలోనే ఉన్నాయి. కోఠీ గుజరాతీ గల్లీలో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, మైకులు, వాటి జాక్‌లూ వైర్లూ గుట్టలుగా కనిపిస్తాయి. పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళా తోరణం, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం, పక్కనే తెలుగు విశ్వవిద్యాలయం వారి ఎన్టీఆర్ కళామందిరం. ఇంకాస్త ముందుకెళ్తే రవీంద్రభారతి. బయల్దేరిన చోట, మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆస్పత్రి.

ఈ వేదికల దగ్గర గత పది పన్నెండేళ్లలో ఒక వస్తువు చడీచప్పుడూ లేకుండా మారిపోయింది. సభికుల్లో చాలామంది గమనించి కూడా ఉండరు. అది హాలు వెనకో, ఓ పక్క గోడవారో బల్ల మీద పెట్టే మిక్సర్. ఒకప్పుడది ఇద్దరు ముగ్గురు పడితే గానీ లేవని పెట్టె. మైకుకో నిలువు వరస చొప్పున మీటలు, ఇరవై నాలుగు మైకులుంటే ఇరవై నాలుగు వరసలు. పక్కన మరో ఇనుప రాక్‌లో ఈక్వలైజర్లు, కంప్రెసర్లు, ఎకో యూనిట్. వేదిక నుంచి మిక్సర్ దాకా మణికట్టంత లావు ‘స్నేక్’ కేబుల్, దాన్ని చుట్టడానికి ఒక కుర్రాడు. ఇప్పుడా రాక్ మొత్తం మిక్సర్ కడుపులోకి వెళ్లిపోయింది. స్నేక్ పోయి సన్నటి నెట్‌వర్క్ కేబుల్ వచ్చింది. చిన్న రకమైతే ఒక్కడే చంకన పెట్టుకుని ఆటోలో తెచ్చేస్తున్నాడు.

డబ్బా చిన్నదైంది, తెలివి మీరింది, రంగుల తెర వచ్చింది. సన్మాన సభలో మైకు ‘కుయ్‌య్’మని కూయడం మాత్రం ఆగలేదు. లక్షలు పోసి కొన్న డిజిటల్ మిక్సర్ ముందు కూర్చుని కూడా ఆపరేటర్ ఆ కూతని ఎందుకు ఆపలేకపోతున్నాడన్నది అడగదగ్గ ప్రశ్నే.

ముందు లోపల జరిగేదేమిటో చూడాలి. పాత అనలాగ్ మిక్సర్‌లో గాయకుడి గొంతు మైకులో కరెంటుగా మారి, స్పీకర్ దాకా కరెంటుగానే ప్రయాణిస్తుంది. మీట తిప్పితే ఆ కరెంటే మారుతుంది. డిజిటల్ మిక్సర్‌లో ఆ కరెంటును మొదటి మెట్టులోనే సెకనుకు 48 వేల సార్లు, కొన్నిటిలో 96 వేల సార్లు కొలిచి అంకెలుగా రాసేస్తారు. అక్కణ్నుంచి అంతా కూడికలూ గుణకారాలే. బేస్ తగ్గించడం ఒక లెక్క, ఎకో కలపడం మరో లెక్క. చివర్లో అంకెల్ని మళ్లీ కరెంటు చేసి ఆంప్లిఫయర్‌కి పంపుతారు.

అన్నీ లెక్కలే అయినప్పుడు ప్రతి మైకుకూ విడివిడిగా మీటలు అక్కర్లేదు. ఒకే మీటల గుంపు ఉంటుంది. ఏ చానెల్ ‘సెలెక్ట్’ బటన్ నొక్కితే ఆ మీటలు ఆ చానెల్‌వి అవుతాయి. అనలాగ్ మీద చెయ్యి తిరిగినవాళ్లు తొలిరోజుల్లో బోల్తా పడేది ఇక్కడే. ముఖ్య అతిథి గొంతు బుంగలోంచి వస్తున్నట్టుందని బేస్ తగ్గిస్తుంటారు. తీరా సెలెక్ట్ అయి ఉన్నది మృదంగం. అతిథి గొంతు అలాగే ఉంటుంది, మృదంగం డొల్ల పడుతుంది. మృదంగ విద్వాంసుడు వేదిక మీంచే ఆపరేటర్ వైపు ఓ చూపు చూస్తాడు.

ఈ మార్పు ఒక్కరోజులో వచ్చింది కాదు. యమహా 1987లోనే డీఎంపీ7 పేరుతో, తనంతట తానే కదిలే ఫేడర్లు (సౌండ్ పెంచే, తగ్గించే జారుడు మీటలు) ఉన్న చిన్న డిజిటల్ మిక్సర్ చేసింది. 1995లో వచ్చిన 02ఆర్ స్టూడియోల్లో స్థిరపడింది. సభల దాకా, కచేరీల దాకా రావడానికి మరో పదేళ్లు పట్టింది. 2005లో యమహా ఎం7సీఎల్, డిజిడిజైన్ వారి వెన్యూ పెద్ద కంపెనీలకు ఆ అలవాటు చేశాయి. టెంట్‌హౌస్ పక్కన సౌండ్ సిస్టమ్ నడుపుకునే మామూలు మనిషికి మాత్రం అవి అందని ద్రాక్షే.

ఆ తలుపు తెరిచింది 2012లో వచ్చిన బెహ్రింగర్ ఎక్స్32. ఆ కంపెనీ యజమానులు 2009 చివర్లో మైడాస్, క్లార్క్ టెక్నిక్ అనే పేరున్న బ్రిటిష్ సంస్థలను కొనేశారు. మైడాస్ రూపకల్పన చేసిన మైక్ ప్రీఆంప్‌లు (మైకు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచేవి) 32 పెట్టి, కదిలే ఫేడర్లు 25 పెట్టి, అమెరికాలో మూడు వేల డాలర్ల లోపు అమ్మారు. అంతకుముందు అలాంటి మిక్సర్ బల్లకు దానికి ఎన్నో రెట్లు పోయాల్సి వచ్చేది. అదే యంత్రాన్ని ఇంకాస్త మంచి ప్రీఆంప్‌లతో, మన్నికైన ఫేడర్లతో 2014లో మైడాస్ ఎం32గా తెచ్చారు.

ఏ బల్ల ఎవరికి?

హైదరాబాద్‌లో పెళ్లి సంగీత్ నుంచి పార్టీ సభ దాకా ఎక్స్32, ఎం32 కనబడని చోటు తక్కువ. వాటి ధ్వని గొప్పదా అంటే వాదనలున్నాయి. వాటికున్న అసలు బలం వేరు. ఆపరేటర్‌కి రాత్రికి రాత్రి జ్వరమొస్తే, పొద్దునకల్లా ఇంకో ఆపరేటర్ దొరుకుతాడు. అతనూ దీనిమీదే నేర్చుకుని ఉంటాడు. పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న ఎక్స్32 సీన్ (మిక్సర్ అమరిక మొత్తం దాచిన ఫైలు) దాదాపుగా ఎం32లోనూ తెరుచుకుంటుంది. మిక్సర్లను పోల్చే పట్టికల్లో ఈ గుణానికి గడి ఉండదు. అద్దెకిచ్చే వ్యాపారంలో మాత్రం అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే.

అలెన్ అండ్ హీత్ 2017లో తెచ్చిన ఎస్‌క్యూ వరస చెవి పెట్టి వినేవాళ్లకు నచ్చుతుంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతపు కంపెనీ ఇది. సెకనుకు 96 వేల కొలతలు, 48 ఇన్‌పుట్ చానెళ్లు. ఎస్‌క్యూ-5లో 16, ఎస్‌క్యూ-6లో 24, ఎస్‌క్యూ-7లో 32 మైక్ ప్రీఆంప్‌లు. ఫేడర్లను మన ఇష్టం వచ్చిన వరసలో పేర్చుకోవచ్చు. గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం, పక్కనే వాటి ఎకో, ఆ పక్కన గాయకుడు తన గొంతు వినే మానిటర్ అన్నీ ఒకే పేజీలో ఉంటే కచేరీ మధ్యలో పేజీలు తిప్పుకునే గోల ఉండదు. శాస్త్రీయ సంగీత సభలకు, నృత్య ప్రదర్శనలకు కొత్తగా కొనేవాళ్లు దీన్ని ముందు చూడటం మంచిది.

యమహా క్యూఎల్, సీఎల్ వరసల సంగతి వేరు. సీఎల్ 2012లో, క్యూఎల్ 2014లో వచ్చాయి. వయసు మీద పడింది, తెర పాతగా కనిపిస్తుంది. అయినా పెద్ద కళాకారుల బృందాలు ముందే పంపే సామగ్రి జాబితాలో యమహా పేరుంటే నిర్వాహకుడికి నిశ్చింత. వేదిక మీద మైకులు కలిపే ‘రియో’ పెట్టె, బల్ల దగ్గర మిక్సర్, మధ్యలో డాంటే నెట్‌వర్క్. ఆస్ట్రేలియా కంపెనీ ఆడినేట్ తయారుచేసిన ఈ డాంటే పద్ధతిలో మామూలు కంప్యూటర్ నెట్‌వర్క్ మీదే పదుల కొద్దీ మైకుల ధ్వని ప్రయాణిస్తుంది. రోజుకు రెండు మూడు కార్యక్రమాలు జరిగే హాలుకు, ఏ ఆపరేటర్ వచ్చినా నడవాల్సిన హాలుకు, యమహా ఇప్పటికీ సరైన బేరమే.

ఇంకా పైకెళ్తే అలెన్ అండ్ హీత్ డీలైవ్, డిజికో, యమహా రివాజ్. స్టేడియం కచేరీలవి. డీలైవ్ ఒక్కటే 128 ఇన్‌పుట్‌లు మిక్స్ చేస్తుంది. కాలనీ గణేశ్ మండపంలో ఎవరైనా దాన్ని పెడితే దర్పమే తప్ప ఉపయోగం లేదు.

కిందికి వస్తే ఫేడర్లే లేని మిక్సర్లు. సౌండ్‌క్రాఫ్ట్ యూఐ24ఆర్, బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18 లాంటివి వేదిక మీదే ఓ మూల ఉంటాయి. ఆపరేటర్ ట్యాబ్ పట్టుకుని హాలంతా తిరుగుతూ, ఆఖరి వరసలో ఎలా వినిపిస్తోందో అక్కడే నిలబడి సరిచేసుకోవచ్చు. రిహార్సల్‌కి ఇంతకన్నా సుఖం లేదు. హాలు నిండాక మొదలవుతుంది తంటా. వందల ఫోన్ల వైఫై మధ్య పెట్టెలో ఉన్న చిన్న యాంటెన్నా ఊపిరాడక తెర నిలిచిపోతుంది. విడిగా మంచి రౌటర్ పెట్టి, 5 గిగాహెర్ట్జ్ మీద నడిపి, అదీ కాదంటే వైరు వేసుకున్నవాళ్లే వీటితో గట్టెక్కుతారు.

డిజిటల్ వల్ల పాట ఆలస్యంగా వినిపిస్తుందని కొందరు విద్వాంసులకు అనుమానం. కరెంటును అంకెలుగా, అంకెల్ని కరెంటుగా మార్చడానికి కొంత సమయం పట్టడం నిజమే. ఎస్‌క్యూలో అది సెకనులో వెయ్యో వంతుకు కూడా తక్కువ. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. అంటే మానిటర్ స్పీకర్‌ను ఒక జానెడు వెనక్కి జరిపితే వచ్చే ఆలస్యం కన్నా పెద్ద తేడా ఏమీ లేదు. 48 వేలా, 96 వేలా అన్న పోటీ కూడా హాలులో కూర్చున్నవాడి చెవికి చిక్కేది కాదు. ఏసీ హోరు, వెనక వరసలో కబుర్లు, తలుపు చప్పుడు దాన్ని మింగేస్తాయి.

పది మైకులు, ఒక ప్రసంగం

తెలుగు సభకు ఓ రూపం ఉంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, వేదికను అలంకరించిన ఎనిమిది పది మంది పెద్దలు, ఒక్కొక్కరి ముందూ ఒక మైకు, పోడియం దగ్గర మరో రెండు. శాలువాలు, జ్ఞాపికలు, గ్రూప్ ఫొటో. ఆ తర్వాత నృత్యమో, నాటకమో. 1961లో ఠాగూర్ శతజయంతి సందర్భంగా ప్రారంభమైన రవీంద్రభారతిలో ఇలాంటి సాయంత్రాలకు లెక్కే లేదు.

కూత పుట్టేది ఇక్కడే. మాట్లాడుతున్నది ఒక్కరు, తెరిచి ఉన్నవి పది మైకులు. ప్రతి మైకూ స్పీకర్లలోంచి వస్తున్న ధ్వనిని మళ్లీ పట్టుకుంటుంది. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూయకుండా పెంచుకోగలిగిన సౌండ్ మూడు డెసిబెల్స్ తగ్గిపోతుంది. ఒకటి నుంచి ఎనిమిదికి వెళ్తే తొమ్మిది డెసిబెల్స్ పోయినట్టే. ముందు వరసలోంచి ‘జర సౌండ్ పెంచన్నా’ అని కేక వస్తుంది. పెంచుతాడు. కూస్తుంది.

దీనికి మందు చాలా డిజిటల్ మిక్సర్లలో ఇప్పటికే ఉంది. పేరు ఆటోమిక్సర్. డాన్ డూగన్ అనే అమెరికన్ నాటకశాలల్లో ధ్వని పని చేస్తూ 1970లలో దీన్ని కనిపెట్టాడు. ఏ మైకులో గొంతు బలంగా ఉందో దానికి వాటా పెంచి, మిగతావాటి వాటా తగ్గిస్తుంది. ఎన్ని మైకులు తెరిచినా మొత్తం కలిపి ఒక్క మైకు తెరిచినంతే. మాట లేనప్పుడు మైకును మూసేసే గేట్‌లాగా మాట మొదటి అక్షరాన్ని కొరికేయదు. యమహా క్యూఎల్, సీఎల్‌లలో డూగన్ పేరుతోనే ఉంటుంది. ఎస్‌క్యూలో ఉంది. ఎక్స్32లో మొదటి ఎనిమిది చానెళ్లకు పెట్టుకోవచ్చు.

అయినా మన సభల్లో దీన్ని వాడేవాళ్లు తక్కువ. ఎకో ఎలా పెట్టాలో తెలియని ఆపరేటర్ ఉండడు, ఆటోమిక్స్ పేజీ తెరిచి చూసినవాణ్ని వెతుక్కోవాలి. కొనేటప్పుడు దుకాణంలో అందరూ అడిగేది ఎఫెక్ట్స్ ఎన్ని ఉన్నాయని. ఉపన్యాసాలే ప్రాణంగా బతికే సంస్కృతికి అంతకంటే పనికొచ్చే అర మరొకటి ఉంది. దాని తాళం ఎవరూ తీయడం లేదు. వేదిక మీది పెద్దల మైకుల్ని మొదటి ఎనిమిది చానెళ్లలో పెట్టి, ఆటోమిక్స్ ఆన్ చేసి, ఒక సభ నడిపి చూస్తే చాలు.

కూచిపూడి మొదలయ్యాక చిక్కు ఇంకో రకం. నట్టువనార్ నోటితో జతులు చెబుతూ చేత్తో తాళాలు కొడతారు. రెండూ ఒకే మైకులో పడతాయి. ఆపరేటర్ అలవాటుగా ఆ చానెల్‌కి, గట్టి సౌండ్‌ను అణిచే కంప్రెసర్ పెడతాడు. తాళం ఖణ్‌మన్నప్పుడల్లా కంప్రెసర్ ఉలిక్కిపడి సౌండ్ దించుతుంది, దానితోపాటు జతీ మునుగుతుంది. ‘తకిట’లో ‘కిట’ వినపడదు. తాళాలకు ఇంకో మైకు కిందుగా పెట్టడమో, ఆ చానెల్‌లో కంప్రెసర్ తీసేసి వేలితో ఫేడర్ నడపడమో చేయాలి. గజ్జెల కోసం వేదిక ముందంచున నేల మీద పెట్టే బల్లపరుపు మైకును బేస్ బాగా కోసేసి వాడితే అడుగుల దడదడ పోయి మువ్వల సవ్వడి మిగులుతుంది.

పద్యనాటకంలో నటుడు పద్యం చివర రాగం తీస్తూ మైకు మీదికి వంగుతాడు. గొంతు రెట్టింపవుతుంది. అప్పుడు సౌండ్ తగ్గించాలి, కానీ తగ్గించినట్టు తెలియకూడదు. ‘వన్స్ మోర్’ అన్న కేక పడేది ఆ క్షణంలోనే. పద్యాలు కంఠతా వచ్చిన ఆపరేటర్ ఉంటే ఆ పని అతని వేలు చూసుకుంటుంది. పద్యం రాని ఆపరేటర్‌ని ఏ కంపెనీ మిక్సరూ కాపాడలేదు.

సురభి నాటకాల్లాంటి వాటికి మాత్రం డిజిటల్ వరమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన ఆ కుటుంబ రంగస్థలం చాలా ఏళ్లు లలితకళా తోరణాన్ని ఇల్లు చేసుకుంది. ‘మాయాబజార్’లో తెర లేచిన ప్రతిసారీ వేదిక మీది మనుషులూ మైకులూ మారిపోతారు. ఏ రంగంలో ఏ మైకు తెరవాలి, ఏది మూయాలి అన్నది ముందే సీన్లుగా దాచుకుంటే, తెర లేచినప్పుడు ఒక బటన్. పాత బల్ల మీద ఆ పనికి నాలుగు చేతులు కావాలి.

మరో సదుపాయం గురించి నృత్య గురువులు కూడా తెలుసుకోవాలి. రిహార్సల్ రోజున ప్రతి మైకునూ విడివిడిగా లాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకుని, మర్నాడు హాలులో కళాకారులు రాకముందే దాన్ని తిరిగి మిక్సర్‌లోంచి వినిపించుకోవచ్చు. ఎక్స్32, ఎస్‌క్యూ రెండూ యూఎస్‌బీ మీద 32 ట్రాకులు ఇస్తాయి. వాద్య బృందం ట్రాఫిక్‌లో ఇరుక్కుని సభకు పది నిమిషాల ముందు వచ్చినా సౌండ్ సిద్ధంగా ఉంటుంది. డల్లాస్‌లో ఉన్న మేనమామ కోసం రంగప్రవేశాన్ని యూట్యూబ్‌లో చూపిస్తున్నప్పుడు హాలు సౌండునే పంపకూడదు. హాలులో మృదంగం మైకు లేకుండానే వినిపిస్తుంది, ఫోన్‌లో వినిపించదు. లైవ్ కోసం ఇంకో ఆక్స్ (అదనపు అవుట్‌పుట్ దారి) మీద వేరే మిక్స్ కట్టాలి. ఎక్స్32లో అలాంటి దారులు (మిక్స్ బస్‌లు) పదహారు ఉంటాయి. ఒకటి మేనమామకు కేటాయించడం కష్టం కాదు.

తీగ, కరెంటు, రిపేరు

ఎక్స్32, ఎం32 మిక్సర్లను వేదిక మీది పెట్టెతో కలిపే ఏఈఎస్50 లింకు ఒకే కేబుల్ మీద అటు 48, ఇటు 48 చానెళ్లు మోస్తుంది. ఆ కేబుల్ షీల్డు ఉన్నది కావాలి, చివర లోహపు తొడుగున్న కనెక్టర్ కావాలి. గుజరాతీ గల్లీలో ఇంటర్నెట్ కోసం మీటర్ల లెక్కన కొలిచి ఇచ్చే మామూలు నెట్ కేబుల్ వేసినా ధ్వని వస్తుంది. రిహార్సల్‌లో బాగానే ఉంటుంది. ఎవరో సింథటిక్ తివాచీ మీద నడిచొచ్చి పెట్టెను ముట్టుకుంటారు, స్టాటిక్ కరెంటు చిటుక్కుమంటుంది, మొత్తం 32 మైకులూ ఒక్కసారి ఆగి టప్పుమంటాయి. లక్షల మిక్సర్‌కు చవక తీగ వేసిన ఫలితం. ఇంకొకటి అదనంగా పరిచి ఉంచుకోవడం కూడా అలవాటు కావాలి. పాత స్నేక్‌లో ఒక తీగ తెగితే ఒక మైకు పోయేది. ఇప్పుడు తెగితే సభే పోతుంది.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ రెండు సెకన్లు అనలాగ్ మిక్సర్‌కు లెక్కలోవి కావు. డిజిటల్ మిక్సర్ కంప్యూటరే కాబట్టి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. అది లేచేదాకా సభ నిశ్శబ్దం. బల్ల కింద ఒకటి, వేదిక పెట్టె దగ్గర ఒకటి చిన్న యూపీఎస్ పెడితే తీరిపోయే సమస్య ఇది. మిక్సర్ కొన్న ఖర్చులో ఓ మూలకు కూడా రాదు.

రిపేరు విషయంలో కోఠీకి కొత్త బల్లలు కాస్త అన్యాయమే చేశాయి. 1940 నుంచి నడుస్తున్న ఢిల్లీ కంపెనీ ఆహుజా ఆంప్లిఫయర్ కాలిపోతే ఇక్కడి మెకానిక్ సాయంత్రానికల్లా ట్రాన్సిస్టర్ మార్చి ఇచ్చేవాడు. డిజిటల్ బోర్డు మీద భాగాలు బియ్యపు గింజకన్నా చిన్నవి. కార్డు మొత్తం మార్చాలి, ఆ కార్డు కంపెనీ నుంచి రావాలి. కొనేముందు ధర కాదు, సర్వీస్ సెంటర్ ఎక్కడుంది, కార్డు ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నది అడగాలి. గణేశ్ నవరాత్రుల మూడో రోజున తెర నల్లబడితే ధరలో మిగిల్చిన డబ్బు అద్దె మిక్సర్‌కే పోతుంది.

ఇక నేర్చుకోవడానికి మిక్సర్ కొనక్కర్లేదు. ఎక్స్32, ఎం32, సీఎల్, క్యూఎల్‌ల ఎడిటర్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. కుర్రాళ్లు ఇంట్లో లాప్‌టాప్ మీద అచ్చంగా అదే తెర ముందు కూర్చుని, రేపటి సభకు చానెళ్ల పేర్లు, రూటింగ్ అన్నీ కట్టుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లొచ్చు. ఇంకో సంగతి కూడా వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. అనలాగ్ బల్ల హద్దు దాటితే కొంచెం బొంగురుగా అవుతుంది, వినసొంపుగా కూడా ఉండొచ్చు. డిజిటల్‌లో హద్దు మీటర్ మీది సున్నా. అది దాటితే అంకెలు అయిపోతాయి, ధ్వని చిరిగిన గుడ్డే. గెయిన్ (మైకు సంకేతాన్ని పెంచే మట్టం) పెట్టేటప్పుడు సున్నాకు పద్దెనిమిది డెసిబెల్స్ కింద సగటు ఉండేలా చూసుకుంటే, ఉత్సాహం పట్టలేని వక్తకు కూడా చోటు మిగులుతుంది.

ఉస్మానియా గోడ పక్కన

బాలాపూర్ గణేశుడు నిమజ్జనానికి హుస్సేన్‌సాగర్‌కు వెళ్లే దారి చార్మినార్ దాటి, నయాపుల్ మీదుగా అఫ్జల్‌గంజ్‌కి, అక్కణ్నుంచి మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్, బషీర్‌బాగ్ మీదుగా సాగుతుంది. లారీల మీద సబ్‌వూఫర్ల గోడలు కట్టి మోగించే డీజేలు ఇదే దారిలో, ఉస్మానియా ఆస్పత్రి పక్కనుంచి వెళ్లేవి. 2024 అక్టోబరు 1న హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చారు. అనుమతితో పరిమిత సౌండ్‌కి మాత్రం వీలు మిగిలింది.

చట్టం కొత్తది కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. అక్కడ పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45. వ్యాపార ప్రాంతంలో 65, 55. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు ఆపాలి.

ఈ అంకెలు మిక్సర్ ముందు కూర్చున్నవాడికి ఏం చెబుతాయో ఒక్క లెక్క చూడండి. బయట, అడ్డుగోడలు లేని చోట, దూరం రెట్టింపైతే సౌండ్ ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీకర్‌కు మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఉంటే, వంద మీటర్ల దగ్గర 60. మంచి స్పీకర్‌కు మీటరు దూరంలో వంద అంటే పెద్ద కష్టం కాదు. అయినా ఆస్పత్రి హద్దు దగ్గరకు చేరేసరికి పగటి పరిమితిని పది డెసిబెల్స్ మించిపోయింది. బేస్ అయితే గోడలకు కూడా లొంగదు, వార్డు కిటికీలు అదురుతాయి.

ఇక్కడ డిజిటల్ మిక్సర్ పోలీసు కన్నా ముందే పని చేయగలదు. చివరి అవుట్‌పుట్ మీద, సౌండ్‌ను ఒక మట్టం దాటనివ్వని లిమిటర్ పెట్టి, స్టేజీ కట్టిన రోజునే సౌండ్ మీటర్ పట్టుకుని హద్దు దగ్గర కొలిచి, ఆ మట్టానికి లిమిటర్‌ను బిగించి పాస్‌వర్డ్ వేయొచ్చు. యమహాలో, అలెన్ అండ్ హీత్‌లో ఎవరు ఏ మీట ముట్టుకోవచ్చో వేర్వేరు అనుమతులు ఇచ్చే ఏర్పాటు ఉంది. నిర్వాహకుల్లో ఎవరో కుర్రాడు వచ్చి మాస్టర్ ఫేడర్ పైకి తోసినా లిమిటర్ దాటదు. మండప కమిటీలు అనుమతి కోసం వెళ్లేటప్పుడు, లిమిటర్ బిగించామని చూపించే అలవాటు మొదలుపెడితే సగం గొడవలు తగ్గుతాయి. మిక్సర్ తెర మీద కనిపించే అంకెల్ని హాలులో డెసిబెల్స్ అనుకోవద్దు. అవి లోపలి లెక్కలు. బయట కొలిచేందుకు మీటర్ వేరే కావాలి.

చివరిగా సమయం సంగతి. 1970 ఫిబ్రవరి 1న ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలోని లాల్ బహదూర్ స్టేడియంలో ఘంటసాల రజతోత్సవం జరిగింది. వేల మంది వచ్చారు. సీన్లు, ఆటోమిక్సర్లు, నెట్‌వర్క్ తీగలు లేని కాలం అది. ఇప్పుడు ఆ పనులన్నీ చేసే యంత్రం ఓ చిన్న బల్ల మీద పడుతోంది. దానికి ఇవ్వనిదల్లా సమయం. హాలు అద్దె సాయంత్రం ఆరింటి నుంచి మొదలవుతుంది, సభ ఆరున్నరకు అని ఆహ్వానపత్రంలో ఉంటుంది. ఆ అరగంటలో ఫ్లెక్సీ కట్టాలి, పూలదండలు రావాలి, వాద్య బృందం కూర్చోవాలి, మైకులు సరిచూడాలి. చివరిది ఎప్పుడూ జరగదు.

సభలు పెట్టే సంస్థలకు ఒకటే మనవి. ఈసారి హాలు బుక్ చేసేటప్పుడు రెండు గంటల ముందు నుంచి తీసుకోండి. అందులో గంట పూర్తిగా సౌండ్ వాళ్లకు వదిలేయండి. వక్తలు ఎంతమంది, మైకులు ఎన్ని, వాద్యాలు ఏమిటి అన్న జాబితా ముందురోజే ఆపరేటర్‌కి వాట్సాప్ చేయండి. అద్దెకు తెచ్చేది ఎక్స్32 అయినా, ఎస్‌క్యూ అయినా, యమహా అయినా ఆటోమిక్స్ ఆన్ చేయమని అడగండి.